ధనుర్మాసం మొదలు కనుమ దాకా: పండుగ నెలలో దానం చేయదలచిన ఇంటివారికి

ఏటా డిసెంబరు 16 ప్రాంతంలో సూర్యుడు ధనూరాశిలో ప్రవేశించిన రోజున మన ఊళ్ళలో నెలగంట పెడతారు. అక్కడి నుంచి జనవరి నడుమ వచ్చే సంక్రాంతి, కనుమల దాకా గడిచే రోజులను పండుగ నెల అంటారు. తిరుప్పావై పారాయణ, వైకుంఠ ఏకాదశి, అయ్యప్ప దీక్షల విరమణ, క్రిస్మస్, కొత్త సంవత్సరం, భోగి, సంక్రాంతి, కనుమ అన్నీ ఈ కొద్ది రోజుల్లోనే వరుసగా వస్తాయి కాబట్టి, లేనివారికి ఏదైనా పెట్టాలన్న ఆలోచన చాలా ఇళ్ళలో ఈ నెలలోనే కలుగుతుంది. అయితే పండుగ కొనుగోళ్ళ హడావుడిలో ఆ ఆలోచన వెనకబడిపోయి, చివరి రోజున చేతికి దొరికిన నాలుగు దుప్పట్లు కొని దారిలో కనిపించినవారికి పంచడంతో ముగుస్తుంది. మొదట్లో మేమూ అలాగే చేశాము. ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో పదకొండు కుటుంబాలు కలిసి కొన్నేళ్ళుగా ఈ పనిని ఒక క్రమంలో చేస్తున్నాయి. ఆ క్రమాన్ని, దానికి కారణాలను, మేము చేసిన పొరపాట్లతో సహా ఇక్కడ రాస్తున్నాను.

ఈ నెలకూ దానానికీ ఉన్న సంబంధం

పద్ధతి చెప్పేముందు సంప్రదాయం గురించి కొంత చెప్పవలసి ఉంది, ఎందుకంటే మా పద్ధతి దాని నుంచే వచ్చింది. ఆంధ్రలో సార్వా అనీ, తెలంగాణలో వానాకాలం పంట అనీ పిలిచే వరి కోతలు, నూర్పిళ్ళు ముగిసి గాదెలు నిండే కాలం ఇది. హరిదాసులు, గంగిరెద్దులవారు, బుడబుక్కలవారు, జంగమదేవరలు ఈ నెలలోనే గడపగడపకూ రావడానికి కారణం కూడా ఇదే. రైతు ఇంట గింజలు నిండుగా ఉన్న రోజుల్లోనే ఊరు తన కళాకారులను, భిక్షుకులను పోషించుకునేది. అంతకంటే ముందు, ధాన్యం ఇంటికి చేరకుండానే, కళ్ళంలోనే కుమ్మరికి, కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి మేరలు, అంటే ధాన్యంలో వారి వాటాలు, కొలిచేవారు. కోసిన చేలో రాలిపోయిన వెన్నులను ఏరుకునే హక్కు కూలివారికి, వారి పిల్లలకు ఉండేది. దానినే పరిగె ఏరుకోవడం అంటారు. ఆ ఏర్పాటులో కులం కట్టుబాటు ఉంది, చేసిన చాకిరీకి చాలని కొలత ఉంది, ఆ అసమానతను గొప్ప చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ అందులో ఒక లెక్క మాత్రం నేటికీ మనకు కావలసినది: ఇతరుల వాటా ముందు తీసి, ఆ తరువాతే గాదె నింపేవారు. ఇంటి అవసరాలన్నీ తీరాక అడుగున మిగిలినది ఇవ్వడం అప్పటి పద్ధతి కాదు.

హరిదాసు రాకను ఒకసారి గుర్తు చేసుకోండి. తెల్లవారుజామున మంచులో చిడతలు, తంబుర మోగుతుండగా ఆయన వాకిట్లోకి వస్తాడు. తలమీద పూలు చుట్టిన అక్షయపాత్ర ఉంటుంది. ఇంటికి తిరిగి వెళ్ళేదాకా దానిని దించకూడదన్నది నియమం. ఇంట్లోని చిన్నపిల్ల చేటలోనో గిన్నెలోనో బియ్యం తెచ్చినప్పుడు, ఆ పిల్ల చేతికి పాత్ర అందేలా ఆయన ముగ్గు పక్కన మోకాళ్ళు వంచి కిందికి కూర్చుంటాడు. పిల్ల మునివేళ్ళమీద నిలబడి బియ్యం పోస్తుంది, ఆయన హరినామం ఆపకుండానే లేచి పక్క ఇంటికి సాగిపోతాడు. ఎవరూ ఎవరినీ బతిమాలరు, ఎవరి కష్టాన్నీ ఎవరూ విచారించరు. పుచ్చుకునేవాడి పాత్ర పెట్టేవాడి చేతికంటే పైన ఉండే ఈ దృశ్యమే నాకు తెలిసినంతలో దానం గురించి పిల్లలకు నేర్పగలిగిన మొదటి పాఠం. ఇప్పుడు కొందరు హరిదాసులు ద్విచక్ర వాహనం మీద, మైకులో కీర్తనలు వినిపిస్తూ వస్తున్నారు. అయినా పట్నంలోని మా వీధికి వచ్చినప్పుడు పిల్లలనే పంపి వారి చేతనే బియ్యం పోయిస్తాము. మీరు కూడా ఇంటి నుంచి వెళ్ళే దానాన్ని వీలైనంతవరకు పిల్లల చేతుల మీదుగానే ఇప్పించండి.

ముందు వాటా తీయండి

నెలగంట పెట్టిన రోజున, లేదా డిసెంబరు జీతం చేతికి వచ్చిన రోజున, పండుగ బట్టల కొనుగోలుకు ముందే దానం మొత్తం ఎంతో ఇంటిల్లిపాదీ కూర్చుని నిర్ణయించుకోండి. ఎంత అన్నది మీ ఇష్టం. మేము పెట్టుకున్న లెక్క ఏమిటంటే, పండుగకు ఇంట్లో బట్టలకు, పిండివంటలకు, ప్రయాణాలకు కలిపి అయ్యే ఖర్చులో పదోవంతు. ఈ లెక్క వల్ల ఒక మేలు ఉంది: ఇంట్లో ఖర్చు పెరిగినప్పుడు వాటా కూడా దానంతటదే పెరుగుతుంది, చేయి బిగువుగా ఉన్న ఏడు తగ్గుతుంది, ఏ ఏడూ పూర్తిగా ఆగిపోదు. డబ్బు ఇవ్వలేని ఇల్లు గింజలతో మొదలుపెట్టవచ్చు. ఎసట్లో బియ్యం పోసే ప్రతిసారీ ఒక పిడికెడు వేరే డబ్బాలో వేస్తూ వస్తే, రెండు పూటలా వండే ఇంట్లో కనుమ నాటికి దాదాపు మూడు కిలోలు జమ అవుతాయి. మా పదకొండు ఇళ్ళలో నాలుగిళ్ళవారు ఈ విధంగానే ఇస్తున్నారు.

వాటా తీసిన తరువాత దానిని పది చోట్లకు చిల్లరగా పంచవద్దని నా సలహా. ఒకటి రెండు అవసరాలు ఎంచుకుని అవి పూర్తిగా తీరేలా ఇవ్వడం మేలు.

ఏం కావాలో అడగండి

ఈ రచనలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే కనుక కాస్త వివరంగా చెబుతాను. మేము ఈ పని మొదలుపెట్టిన ఏడు ఆదిలాబాద్ వైపు ఒక గిరిజన విద్యార్థుల వసతి గృహానికి దుప్పట్లు ఇవ్వాలని అనుకున్నాము. చందాలు వసూలు చేసి, దుప్పట్లు కొని, వాహనం మాట్లాడుకుని వెళ్ళేసరికి సంక్రాంతికి రెండు రోజులే ఉంది. గేటుకు తాళం వేసి ఉంది. సెలవులు ఇచ్చినందువల్ల పిల్లలందరూ ముందురోజే ఊళ్ళకు వెళ్ళిపోయారని కాపలాదారు చెప్పాడు. దుప్పట్లు ఆయనకు అప్పగించి వచ్చేశాము. అసలు చలి అప్పటికి సగానికి పైగా గడిచిపోయిందన్న సంగతి తిరుగు ప్రయాణంలో గాని మాకు తోచలేదు.

మరుసటి ఏడు నవంబరు మొదటి వారంలోనే ఆ వసతి గృహం బాధ్యురాలికి ఫోను చేశాము. ఆమె చెప్పిన జవాబు నేటికీ నా చెవిలో ఉంది: “దుప్పట్లు ఉన్నయి సార్. కిటికీలకు రెక్కలు లేవు. రాత్రంతా ఈదురుగాలి లోపలికే కొడ్తది.” వెళ్ళి చూస్తే పడక గదుల్లో పద్నాలుగు కిటికీలకు ఇనుప చువ్వలు మాత్రమే ఉన్నాయి. వాటికి పిల్లలు సిమెంటు సంచులు విప్పి, పురికొసతో కట్టుకున్నారు. ఒక మూల ఉన్న సంచీ చిరిగి గాలికి కొట్టుకుంటోంది, దాని కింది పరుపును గోడ వైపు నుంచి లాగి గది మధ్యలోకి వేసుకున్నారు. స్థానికంగా ఉన్న వడ్రంగిని పిలిపించి కొలతలు తీయించి, సంబంధిత అధికారి వద్ద రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, డిసెంబరు పదో తేదీకల్లా పన్నెండు కిటికీలకు రెక్కలు బిగించాము. ముందటి ఏడు దుప్పట్లకు పెట్టిన ఖర్చుకూ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా ఆ ఒక్క ఫోనులోనే ఉంది.

కాబట్టి నవంబరులోనే అడగడం మొదలుపెట్టండి. సంక్షేమ వసతి గృహమైతే బాధ్యులను, బడి అయితే ప్రధానోపాధ్యాయులను, అంగన్‌వాడీ అయితే టీచరును, వృద్ధాశ్రమమైతే నిర్వాహకులతో పాటు అక్కడ ఉంటున్న పెద్దలను కూడా అడగండి. “మేము ఫలానాది తెస్తాము, తీసుకుంటారా?” అని అడిగితే ఎవరైనా మొహమాటానికి సరేనంటారు. “ఈ చలికాలంలో మీకు ఇబ్బందిగా ఉన్నది ఏమిటి?” అని అడిగితే వేడి నీళ్ళ మాటో, స్నానాల గది తలుపు మాటో, పెద్దవారి మేజోళ్ళ మాటో బయటకు వస్తుంది. చెప్పిన వస్తువు మీ అంచనాకు చిన్నదిగా కనిపించినా దానినే ఇవ్వండి.

దుప్పట్లే కావాలని చెప్పినచోట దుప్పట్లు ఇవ్వవలసిందే. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లోనూ, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, చింతపల్లి, అరకు ప్రాంతాల్లోనూ డిసెంబరు, జనవరి రాత్రులు చాలా చల్లగా ఉంటాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలకంటే దిగువకు పడిపోయే రోజులు అక్కడ సాధారణం. అటువంటి చోటికి పంచడం కోసమని అమ్మే పలుచని దుప్పటి పనికిరాదు. కొనేముందు ఒకదానిని విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. అవతల ఉన్న మనిషి ఆకారం కనిపిస్తే అది చలికి ఆగదు. అంచులు కుట్టి ఉన్నాయా, మంచం మీద కాళ్ళు చాపుకున్న పెద్ద మనిషికి నిలువునా సరిపోతుందా, ఉతికితే ఒక రోజులో ఆరుతుందా అన్నవి చూడండి. నూరు పలుచనివి కొనే డబ్బుతో నలభై దళసరివి కొనడమే మంచిది. అయితే ఆ నలభై ఎవరికి చేరాలో ముందుగా పేర్లు రాసుకుని వెళ్ళాలి, లేకుంటే బలమున్నవారు ముందుకు వచ్చి ముసలివారు వెనకబడిపోతారు. పట్టణాల్లో పెద్దాసుపత్రుల ఆవరణల్లో రోగుల బంధువులు నేలమీద పడుకుంటారు. వారికి దుప్పటి కన్నా ముందు కిందికి పరుచుకోవడానికి మందపాటి చాప అవసరమని రెండేళ్ళ క్రితం అడిగినప్పుడే మాకు తెలిసింది.

అన్నం పెట్టేటప్పుడు

గోదావరి లంకల్లో అన్నదానానికి పర్యాయపదంగా నిలిచిన డొక్కా సీతమ్మ గారు 1841లో పుట్టి 1909లో కన్నుమూశారు. లంకల గన్నవరంలోని ఆమె ఇంటికి ఏ వేళ వచ్చినవారికైనా అన్నం పెట్టడమే ఆమె జీవితం. ఆమె పేరు నేడు పి.గన్నవరం అక్విడక్టుకు ఉంది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల మధ్యాహ్న భోజన పథకానికీ ఉంది. ఆమె గొప్పతనం పండుగ నాడు పెట్టడంలో లేదు, ఆకలి వేసిన వేళకు పెట్టడంలో ఉంది. ఈ తేడా మనకు ఎంతో అవసరం. క్రిస్మస్ రోజున, కొత్త సంవత్సరం రోజున, సంక్రాంతి రోజున అనాథ పిల్లల ఆశ్రమాలకు మూడు నాలుగు చోట్ల నుంచి భోజనాలు, కేకులు, మిఠాయిలు వచ్చిపడతాయి. పిల్లలు తినలేక వదిలేస్తారు, మిగిలినది పారబోయవలసి వస్తుంది. ఆ తరువాతి మంగళవారం నాడు ఎవరూ రారు. అందువల్ల భోజనం పెట్టదలచినవారు నిర్వాహకులను అడిగి, ఎవరూ రాసుకోని రోజును ఎంచుకోండి. పండుగ నాడే పెట్టాలన్న పట్టుదల ఉంటే ఆ రోజు పండ్లు ఇచ్చి, భోజనపు ఖర్చును ఫిబ్రవరిలోని ఒక రోజుకు జమ చేయించండి.

వండి తీసుకువెళ్ళేవారు ఒక్క విషయంలో జాగ్రత్త పడాలి. వండినప్పటి నుంచి నాలుగు గంటలలోపు తినేలా సమయం చూసుకోవాలి. పెరుగన్నం, పప్పు, కొబ్బరి వేసిన కూరలు ఆలస్యమైతే పాడవుతాయి. చేతులు కడుక్కోవడానికి, తాగడానికి నీళ్ళు, తిన్న ఆకులు వేయడానికి ఒక డబ్బా మనమే పట్టుకెళ్ళాలి.

పనిగా ఇవ్వడం

మెదక్ చర్చి గురించి తెలుగు పాఠకులలో చాలామందికి తెలుసు. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో సుమారు పదేళ్ళపాటు కట్టిన ఆ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. ఆ ప్రాంతం కరువుతో అల్లాడుతున్న రోజుల్లో, ఊరికే గింజలు పంచకుండా, చర్చి కట్టడంలో పని కల్పించి అన్నం పెట్టారు. ఏటా క్రిస్మస్‌కు అక్కడికి వచ్చే వేలమందిలో మతంతో సంబంధం లేకుండా చాలామంది ఉంటారు. నాకైతే ఆ కట్టడంలో అందరికంటే ముందు గుర్తుకు వచ్చేది ఆ కరువు కూలీలే.

దీనిని మనం చిన్న స్థాయిలో పాటించవచ్చు. ఈ నెలలో మీ వీధిలో దర్జీకి, కుమ్మరికి, బుట్టలు అల్లేవారికి, చేనేత మగ్గం ఉన్నవారికి పని చెప్పండి, బేరం ఆడకండి, డబ్బు ముందే ఇవ్వండి. గొబ్బెమ్మల కోసం, ముగ్గుల కోసం, బంతిపూల కోసం వచ్చే చిన్న వ్యాపారుల దగ్గర కొనండి. దానంగా ఇవ్వదలచిన బట్టలను దుకాణంలో కొనకుండా నేతగాళ్ళ దగ్గరే కొంటే ఒకే రూపాయి రెండు ఇళ్ళకు పనికివస్తుంది. మీ ఇంట్లో పనిచేసే మనిషికి పండుగకు ఇచ్చేది దానం కింద లెక్క వేయవద్దు. అది ఆమెకు రావలసినది. వాటాలో నుంచి కాకుండా ఇంటి ఖర్చులో నుంచే ఇవ్వాలి.

పాత బట్టలు, పెద్దల బట్టలు

భోగి నాడు పాత సామాను మంటలో వేయడం ఆచారం. విరిగిన కర్ర సామాను వేయవచ్చు గాని, ఇంకొకరికి పనికివచ్చేది ఏదీ మంటకు ఇవ్వకండి. పాత బట్టలను ఇచ్చేముందు ఉతికి, ఆరేసి, గుండీలు, జిప్పులు సరిచూసి, పిల్లలవీ పెద్దలవీ వేరు చేసి మడతపెట్టండి. మీ చెల్లెలికి లేదా మీ బావగారికి ఇవ్వడానికి మొహమాటపడే బట్టను ఎవరికీ ఇవ్వకూడదన్నది మేము పెట్టుకున్న నియమం. చిరిగినవి తుడవడానికి గుడ్డలుగా మిగుల్చుకుంటాము.

సంక్రాంతిని పెద్దల పండుగ అంటారు. చాలా ఇళ్ళలో కాలం చేసిన పెద్దల పేరిట కొత్త బట్టలు పెట్టి, తరువాత ఇంట్లోవారు కట్టుకుంటారు. మా ఇంట్లో నాయనమ్మ పేరిట పెట్టే చీరను మూడేళ్ళుగా ఆమె వయసున్న, తోడెవరూ లేని ఒక పెద్దావిడకు ఇస్తున్నాము. ఆమె దానిని ఆ పూటే కట్టుకుని మా ఇంట్లో భోజనం చేసి వెళుతుంది. నువ్వులు, బెల్లం, గుమ్మడికాయ దానం చేసే ఇళ్ళవారు వాటితో పాటు ఇలాంటిది ఒకటి కలుపుకోవచ్చు.

డబ్బు పంపేటప్పుడు చూసుకోవలసినవి

ఇది క్లుప్తంగా చెబుతాను. సంస్థలకు ఇచ్చేటప్పుడు రసీదు అడగండి. 80జి పేరుతో అందరికీ తెలిసిన పన్ను మినహాయింపు పాత పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికే వర్తిస్తుంది. అది కూడా 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే రాదు, వస్తువులుగా ఇచ్చినదానికీ రాదు. క్యూఆర్ కోడ్‌తో వచ్చే విన్నపాలు ఈ నెలలో ఎక్కువగా ఉంటాయి. పంపేముందు తెరమీద కనిపించే పేరు సంస్థదా, వ్యక్తిదా అని చూడండి, ఆసుపత్రి ఖర్చుల కోసమైతే వీలైతే ఆసుపత్రి ఖాతాకే కట్టండి. మోసపోయినట్టు అనుమానం వస్తే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి.

డిసెంబరు సెలవులకు ఇంటికి వచ్చే ప్రవాసులు ఒక విషయం తెలుసుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు ఇచ్చే విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇక్కడి సంస్థకు ఇస్తే అది విదేశీ విరాళమే అవుతుంది. దానిని పుచ్చుకోవడానికి ఆ సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు ఉండాలి, ఆ సొమ్ము న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో సంస్థకు ఉన్న ఖాతాకే రావాలి. ఊళ్ళోని చిన్న సంఘానికి ఈ సంగతి తెలియకపోవచ్చు. మీ మంచితనం వారిని చిక్కుల్లో పెట్టకుండా మీరే ముందుగా అడిగి తెలుసుకోండి.

ఇచ్చే వేళ

పుచ్చుకునేవారి ముఖాలకు ఫొటోలు తీయకండి. లెక్క కోసం కావాలంటే వస్తువులకు తీసుకోండి, బిగించిన కిటికీకి తీసుకోండి. బ్యానరు కట్టడం, వరుసలో నిలబెట్టడం, ఉపన్యాసం చెప్పడం, పిల్లల చేత కృతజ్ఞతలు చెప్పించడం మానుకోండి. వస్తువులను బాధ్యులకు అప్పగించి, పిల్లలు ఉంటే వారితో కలిసి కాసేపు ఆడుకుని వచ్చేయవచ్చు. మొదటి ఏడు మేమూ బ్యానరు రాయించాము. అది చలిలో ఎవరికీ అక్కరకు రాలేదు, ఇప్పుడు దానిని మా మేడమీద నీళ్ళ ట్యాంకుకు కప్పాము.

కనుమ నాడు చేయవలసినవి రెండు ఉన్నాయి. మొదటిది పక్షుల వాటా. కోత మిషన్లు వచ్చాక పొడుగాటి వరి గడ్డితో వెన్నులు దొరకడం కష్టమైంది, అందువల్ల ఊరి నుంచి వచ్చేవారికి చెప్పి చేతితో కోసిన పన (వరి కట్ట) ఒకటి తెప్పించుకోండి. వెన్నులన్నీ కిందికి వేలాడేలా కాడలను జడలాగా అల్లి, పైన గట్టిగా ముడి వేసి, వసారా చూరుకు గాని బాల్కనీ ఇనుప కడ్డీకి గాని వేలాడదీయండి. పిల్లి దూకినా అందనంత ఎత్తులో ఉండాలి. పక్కన ఒక మూకుడులో నీళ్ళు పెట్టండి. పిచ్చుకలు రావడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు.

రెండవది లెక్కల పుస్తకం. వాటా ఎంత తీశాము, ఎంత ఇచ్చాము, ఏది సరిపోలేదు, ఎవరు ఏమి అడిగారు అన్నది ఆ సాయంత్రమే రాసి పెట్టుకోవాలి, వారం గడిస్తే మరచిపోతాము. పోయిన కనుమకు మా పుస్తకంలో చివరి పేజీలో ఇలా ఉంది: తూర్పు గదిలో రెండు కిటికీలు మిగిలాయి. ఆడపిల్లల స్నానాల గది తలుపుకు లోపలి గడియ లేదు. ఆసుపత్రికి చాపలు ఇరవై చాలలేదు. నవంబరు మొదటి వారంలో ఫోను చేయాలి.